కుడి మోకాలిచిప్ప: లేదు

మా కొమ్మరాజులంకలో ఆడవాళ్ళకి వేలిముద్రలు లేవని తేలడంతో ఈ వ్యవహారమంతా మొదలైంది. రేషను షాపులో యంత్రం మీద వేలు పెడితే అది ఎర్రలైటు వెలిగించి ఊరుకునేది. అంట్లు తోమీ, చింతపండు పిసికీ, బట్టలు ఉతికీ అరిగిపోయిన వేళ్ళని అది మనుషుల వేళ్ళుగా ఒప్పుకోలేదు. మా అత్తయ్యగారు పేరిందేవిగారు పది వేళ్ళూ వరసగా పెట్టి చూసి, ఇంక కాలివేళ్ళు కూడా పెట్టమంటావా నాయనా అని అడిగారు. ఆ మాట ఎవరు పైకి మోసుకెళ్ళారో తెలీదు గానీ, ఆర్నెల్లు తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. చర్మం అరుగుతుంది, కళ్ళు మసకబారతాయి, ముఖాలు మారిపోతాయి, మనిషిలో నమ్మదగినవి ఎముకలొక్కటే. కాబట్టి ఇకమీదట పౌరులను ఎముకల లెక్కనుబట్టి గుర్తించవలెను. మొదటి విడతలో కాళ్ళు, చేతులు, అవి వేలాడే భుజాల ఎముకలు, కటి ఎముకలు. తల, వెన్ను, పక్కటెముకలు రెండో విడతలో.

దీనికి సమగ్ర అస్థి సర్వే అని పేరు పెట్టారు. అప్పుడే పొలాల సర్వే పూర్తయి సర్వేయర్లు ఖాళీగా ఉన్నారు. అందుకని ఈ పని వైద్యశాఖకి కాకుండా రెవెన్యూ వారికి వెళ్ళింది.

నేను బి.ఎస్సీ జువాలజీ చదివాను, తెలుగు మీడియంలో. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో ఆ డిగ్రీ, కోడిని కోయించి తెచ్చినప్పుడు ఏ ముక్క ఎక్కడిదో చెప్పడానికి తప్ప పనికిరాలేదు. అందుకని ఆ ఉత్తర్వు చదివి నేను కొంచెం సంతోషించానని ఒప్పుకోవాలి. భుజాస్థి, రత్ని, అరత్ని అని చేతి ఎముకల పేర్లు గిన్నెలు సర్దుకుంటూ పైకే అనుకున్నాను. మా ఆయన ఎవరితో మాట్లాడుతున్నావని వంటింట్లోకి తొంగిచూశారు.

సంతోషించే స్థితిలో లేనిది మా అత్తయ్యగారే. మూడేళ్ళుగా ఆవిడ కుడి మోకాలు అరిగిపోయి, హాల్లో కిటికీ పక్క మంచం దగ్గరే ఆవిడ లోకం ఆగిపోయింది. లేవాలంటే ఒక పక్క నేను, ఒక పక్క మా ఆయన. ఎనిమిది నెలలు ఎదురుచూస్తే సర్కారు ఆసుపత్రిలో మోకాలు మార్చే ఆపరేషనుకి తేదీ దొరికింది. వచ్చే నెల ఇరవై నాలుగు. అది తప్పితే మళ్ళీ పద్నాలుగు నెలలకి గానీ వంతు రాదు. ఆ ఆపరేషను కాగితాలకి కొత్తగా అస్థి పాసుపుస్తకం జతచేయాలన్నారు.

సర్వేయరు లోవరాజు ఒక బుధవారం పొద్దున్నే టేపూ, గొలుసూ, బల్లకట్టంత రిజిస్టరూ పట్టుకుని వచ్చాడు. వెంట ఆశా కార్యకర్త మరియమ్మ. ఆడవాళ్ళ ఎముకలు మరియమ్మ నొక్కి చూసి గట్టిగా చెబితే, అతను తలుపు బయట నిలబడి రాసుకుంటాడు. ప్రతి ఎముకకీ నాలుగు హద్దులు రాయాలట. హద్దులు లేని ఆస్తి రికార్డులోకి ఎక్కదు. "భుజాస్థి, కుడి, ఒకటి. పైన భుజం, కింద మోచేయి, ఉత్తరం సొంత పక్కటెముకలు, దక్షిణం గాలి" అని చదువుకుంటూ రాశాడు. ఇంతలో అత్తయ్యగారు మంచినీళ్ళ గ్లాసు కోసం ఇటు తిరిగారు. హద్దులన్నీ మారిపోయాయి. ఆవిడని మళ్ళీ తూర్పు ముఖంగా కూర్చోబెట్టి, సర్వే అయ్యేదాకా కదలకూడదని బయటినుంచే వేడుకున్నాడు.

"కదలగలిగితే నీతో నాకేం పనిరా అబ్బాయ్" అన్నారావిడ.

చేతులూ భుజాలూ కలిపి అరవై నాలుగు వచ్చాయి. కాళ్ళూ కటీ కలిపి అరవై రెండు. మొత్తం నూట ఇరవై ఆరు అని నేను లోపలినుంచే చెప్పాను, నా ఫైనలియర్ మార్కులు గుర్తొచ్చి. బయట కలం ఆగిపోయింది.

"ఆయ్, ఒకటి ఎక్కువొస్తందండి" అన్నాడు లోవరాజు. "నూటిరవై అయిదే ఉండాలండి."

మళ్ళీ లెక్కపెట్టారు. మరియమ్మ చీలమండ దగ్గర ఒక్కో ఎముకనీ రెండుసార్లు నొక్కింది. అత్తయ్యగారు చక్కిలిగింతలు పుట్టి నవ్వారు, మళ్ళీ హద్దులు కదిలాయి. మూడోసారి కూడా నూట ఇరవై ఆరే. చివరికి ఫారం నేనే తీసుకుని చూశాను. ఎడమ మోకాలిచిప్ప ఎదురుగా 'ఒకటి' అనీ, కుడి మోకాలిచిప్ప ఎదురుగా 'లేదు' అనీ ముందే అచ్చువేసి ఉంది.

ఎదురింటివాళ్ళకీ అంతేనట. వీధి వీధంతా మనిషికొకటి చొప్పున ఎక్కువేనట. మరి నీకో అని అడిగాను. తనది ఇంకా కొలుచుకోలేదనీ, భయంగా ఉందనీ అన్నాడు. అత్తయ్యగారి పాసుపుస్తకం మీద ఎర్రసిరాతో 'ఒకటి అధికం, పరిశీలనలో ఉన్నది' అని రాసి, తలొంచుకుని పక్కింటికి వెళ్ళిపోయాడు.

మర్నాడు నా పాత అనాటమీ పుస్తకం సంచిలో వేసుకుని తహసీల్దారు ఆఫీసుకి వెళ్ళాను. తహసీల్దారు ఏకాంబరంగారు మంచి మనిషి, ఆడవాళ్ళు వస్తే కుర్చీ వేయిస్తారు. కుర్చీ వేయించి, ప్రమాణ సంఖ్య ఎలా నిర్ణయించబడిందో సావకాశంగా చెప్పారు. డిగ్రీ కాలేజీ జువాలజీ ల్యాబులో ఒక నమూనా అస్థిపంజరం ఉంది. సదరు అస్థిపంజరమును అయిదుగురు పెద్దమనుషుల సమక్షమున కాలుచేతుల మేరకు లెక్కించి పంచనామా రాయడమైనది. ఆ లెక్కే జిల్లాకి వెళ్ళింది, జిల్లానుంచి ఫారంగా అచ్చయి వచ్చింది.

ఆ అస్థిపంజరం నాకు బాగా తెలుసు. నేను చదివే రోజులకే దానికి కుడి మోకాలిచిప్ప లేదు. చిప్పని తీగతో బిగించడం కష్టం, ఏనాడో ఊడి పడిపోయింది. ప్రాక్టికల్ పరీక్షలో ఆ ఎముక అడిగితే మా మేడం గాలిలోనే చూపుడువేలు గుండ్రంగా తిప్పి చూపించేవారు, మేమూ గాలికే మార్కులు తెచ్చుకునేవాళ్ళం. ఈ సంగతంతా ఏకాంబరంగారికి విన్నవించి, పుస్తకం తెరిచి, రెండు మోకాళ్ళకీ రెండు చిప్పలున్న బొమ్మ చూపించాను.

ఆయన పుస్తకాన్ని గౌరవంగానే తిరగేశారు. "దీని మీద ఒక్కరి పేరే ఉందమ్మా. పంచనామా మీద అయిదు సంతకాలున్నాయి" అన్నారు.

అస్థిపంజరానిది ఊడిపోయిందండీ, బతికున్నవాళ్ళకి ఉంటుంది కదా అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. బతికున్నవారి ఎముకల విషయంలో మార్పులకు అవకాశం ఉన్నది. మరణించినవారి లెక్క తుది లెక్క. ప్రమాణంగా దేనిని తీసుకొనవలెనో మీరే ఆలోచించండి. అయితే ఒక్కసారి మీ కుడి మోకాలు నొక్కి చూసుకోండి అన్నాను. తాను గెజిటెడ్ అధికారిననీ, తన మోకాలు జిల్లా కార్యాలయం పరిధిలోదనీ, దాని మీద తాను ఏ అభిప్రాయమూ వెలిబుచ్చలేననీ అన్నారు. అంటూనే ఎడమ చెయ్యి బల్ల కిందకి పోవడం నేను చూశాను. ఆయన ముఖంలో కొంచెం నెత్తురు తగ్గింది.

నేను లేస్తుంటే ఆవరణలో సన్నాయి మోగింది. ఆ రోజే గెడ్డం అబ్బులుకి సన్మానం. అబ్బులు కొబ్బరి దింపులవాడు. ఆరేళ్ళ కిందట చెట్టు మీంచి పడితే కుడి మోకాలిచిప్ప నుజ్జయిపోయి డాక్టర్లు తీసేశారు. మండలంలో అప్పటికి కొలిచిన యాభై రెండు వేలమందిలో ఒక్క ఎముక కూడా అటూఇటూ కాకుండా సరిగ్గా నూట ఇరవై అయిదు లెక్క కుదిరింది అతనొక్కడికే. శాలువా కప్పి, ఆదర్శ అస్థిధారి అని పత్రం ఇచ్చి, ప్రజలకు సందేశం ఇవ్వమన్నారు. అబ్బులు మైకు ముందు చాలాసేపు ఆలోచించి, అందరూ తనలాగే పడాలని తాను కోరుకోవడం లేదండి అన్నాడు. పెద్దగా చప్పట్లు కొట్టారు. వారం తిరిగేసరికి బస్టాండునిండా అతని బొమ్మతో పోస్టర్లు. 'మీరూ అబ్బులుగారిలా ఉన్నారా?' అని కింద ప్రశ్న. జనం దాని ముందు నిలబడి, దొంగచాటుగా మోకాళ్ళు తడుముకుని, తలలు దించుకుని వెళ్ళిపోయేవారు.

ఆసుపత్రిలో ఎముకల డాక్టరు షరీఫ్‌గారు మా కాగితాలు కంప్యూటర్లో ఎక్కించారు. క్షణంలో జవాబొచ్చింది. రికార్డు ప్రకారము కుడి మోకాలిచిప్ప లేదు గనుక, లేని ఎముకకు నొప్పి ఉండుటకు, చికిత్స మంజూరు చేయుటకు వీలుపడదు. ఎడమ మోకాలు రికార్డులో ఉన్నందున కోరిన యెడల దానిని మార్చగలము.

నా ఎడమ మోకాలు బాగానే ఉంది కదా నాయనా అన్నారు అత్తయ్యగారు. బాగానే ఉందమ్మా, అందుకే మంజూరైంది అన్నారు షరీఫ్‌గారు. ఆయనకీ నవ్వు రాలేదు.

ఇంటికొచ్చాం. ఆటోలోంచి దింపి, ఇద్దరం చెరో పక్కా పట్టుకుని మంచం మీద కూర్చోబెట్టాక నెమ్మదిగా నాతో అన్నారు: "పరుగు పందేలకి వెళ్తానన్నానా అమ్మాయ్. స్నానాల గదికి నా అంతట నేను వెళ్ళిరావాలి. మొహమాటపడి మధ్యాహ్నం నుంచి మంచినీళ్ళు తాగడం మానేస్తున్నాను, నీకు తెలుసా."

నాకు తెలీదు. నేను ఆ గ్లాసు నిండుగా ఉంటే దాహం లేదేమో అనుకునేదాన్ని. తేదీకి ఇంకా పద్దెనిమిది రోజులున్నాయి.

ఇంతలో ప్రభుత్వం కనికరించి అదనపు ఎముకల క్రమబద్ధీకరణ పథకం తెచ్చింది. అనుమతి లేకుండా మేడ మీద మేడ వేసినవాళ్ళకి ఎలాగో, చిప్ప ఎక్కువున్నవాళ్ళకీ అలాగే. దరఖాస్తుతోపాటు మోకాలికి నాలుగు వైపులనుంచీ ఫోటోలు, అది ఎప్పటినుంచి ఉందో రుజువు, ఇరుగుపొరుగుల నిరభ్యంతర పత్రం. కుడిపక్కింటి సత్యవేణిగారు మోకాలు చూడకుండానే సంతకం పెట్టారు. ఎడమపక్కింటి నూకాలమ్మగారు మాత్రం, పదేళ్ళ కిందట తమ మునగచెట్టు కొమ్మ కొట్టించిన మనిషి మోకాలికి తాను అభ్యంతరం లేదని ఎలా రాయగలనన్నారు. రెండు కాయల గొడవకి రెండు గంటలు కూర్చుని క్షమాపణ చెప్పాను. అన్నీ పట్టుకెళ్తే కౌంటర్లో నంబరిచ్చారు. పదకొండు వేల నాలుగువందల ఎనభై రెండు. మన వంతు రెండేళ్ళలో వచ్చేస్తుందన్నాడు గుమాస్తా, అంత తొందరగానా అని నేను సంతోషిస్తానన్నట్టు చూస్తూ.

తిరిగొస్తుంటే మా వీధి మొదట్లో జేసీబీ అడ్డంగా నిలబడి ఉంది. కాలవ మీద ఎవరో కట్టుకున్న టీబడ్డీ మెట్లని పెకలిస్తోంది. ఎప్పుడు ఫిర్యాదు చేశారని అడిగాను. సోమవారం అన్నారు. ఆ రోజు గురువారం.

నేను అక్కడే ఎండలో కాసేపు నిలబడిపోయాను. ఈ ఆఫీసుని ఏదైనా ఉండనివ్వమని అడిగితే రెండేళ్ళు. తీసెయ్యమని అడిగితే మూడు రోజులు. అడగవలసిన పద్ధతిలో నేను అడగలేదన్నమాట.

ఆ సాయంత్రం తెల్లకాగితం తీసుకుని ఫిర్యాదు రాశాను. అయ్యా, మా ఇంట్లో మాతో కలిసి నివసిస్తున్న మా అత్తగారు శ్రీమతి పేరిందేవి, ప్రభుత్వ రికార్డులో ఖాళీగా చూపబడిన కుడి మోకాలు స్థలంలో అనుమతి లేకుండా ఒక చిప్పను చాలాకాలంగా నిలుపుకొని ఉన్నారు. దీనివల్ల రాకపోకలకు తీవ్ర అంతరాయం కలుగుచున్నది. కావున వెంటనే తగు చర్య తీసుకోగోరుచున్నాను. రాసి ఆవిడకి చదివి వినిపించాను. కోపగించుకుంటారేమోనని మా ఆయన ముందే వీధిలోకి జారుకున్నారు.

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని తానే మరోసారి చదివారు. "చాలా చప్పగా ఉందే. అత్తగారి మీద రాసేటప్పుడు ఇంత మర్యాదేమిటి? పలుమార్లు చెప్పినా వినలేదని రాయి. నోటి దురుసు కూడా కలుపు" అన్నారు.

అది అబద్ధమవుతుందేమో అత్తయ్యగారూ అన్నాను. చిప్ప సంగతి నిజమేగా, దాని పక్కన ఇది సర్దుకుపోతుందన్నారు. అలా ఇద్దరం కూర్చుని మూడుసార్లు తిరగరాశాం. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో మేమిద్దరం కలిసి అంత ఉత్సాహంగా చేసిన పని మరొకటి లేదు.

ఆఫీసులో ఫిర్యాదుల గుమాస్తా కాగితం చదివి, ఇది మనిషి ఎముక కదా అనిగానీ, మీకేం సంబంధమనిగానీ అడగలేదు. కోడలినని తెలియగానే ఆయనకి అంతా అర్థమైపోయింది. "అత్తగారి మీదా. ఇదొక్కటేనా అమ్మా, ఇంకేమైనా ఉన్నాయా?" అని మాత్రం అడిగాడు. ప్రస్తుతానికి ఇదొక్కటే అన్నాను.

సోమవారం లోవరాజు ఇద్దరు సాక్షులతో, జిగురుడబ్బాతో వచ్చాడు. నోటీసు కట్టడం మీదే అతికించాలని నిబంధన. మరియమ్మ చేత అత్తయ్యగారి మోకాలి మీద చీరపైనే అతికించి, ఫోటో తీయించి, తనే సిగ్గుపడ్డాడు. ఏడు రోజుల్లోగా మీ అంతట మీరు తొలగించుకోవాలండి, లేకపోతే ప్రభుత్వమే తొలగిస్తుందండి అన్నాడు. నేను తొలగించుకోను గాక తొలగించుకోనని రాసుకో అన్నారు అత్తయ్యగారు, ఉగాది పచ్చడి తిన్నంత సంబరంగా. అతను రాసుకున్నాడు.

ఎనిమిదో రోజు ఏకాంబరంగారి ప్రొసీడింగ్స్ వచ్చాయి. ఆక్రమణలకి ఆఫీసులో ఒకటే నమూనా పత్రం, పేరూ సర్వే నంబరూ మార్చి సంతకం పెడతారు. ఈసారీ అదే. పని మోకాలికి సంబంధించినది గనుక అమలు బాధ్యత ఆసుపత్రికి అప్పగించారు. నేను ఆ కాగితం పట్టుకుని ఉన్నపళంగా షరీఫ్‌గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన నిలబడే చదివి, కుర్చీలో కూర్చుని మళ్ళీ చదివి, మూడోసారి పైకి చదివారు.

"'సదరు ఆక్రమణను ప్రభుత్వ ఖర్చుతో తొలగించి, స్థలమును చదును చేసి, పటిష్ఠమైన పలకలు పరచి, రాకపోకలకు అనువుగా పునరుద్ధరించవలెను.'" కాగితం బల్ల మీద పెట్టి కళ్ళజోడు తుడుచుకున్నారు. "అమ్మా, అరిగిన ఎముక చివర్లు చదును చేసి పలకలు బిగించడమే మోకాలి మార్పిడంటే. ఇంత తేటగా మా పాఠ్యపుస్తకంలో కూడా లేదు."

ఇరవై నాలుగో తారీకు పొద్దున్న ఆసుపత్రి ముందు బందోబస్తుకి ఇద్దరు కానిస్టేబుళ్ళు వచ్చారు. ఆక్రమణదారు ఎదురుతిరగవచ్చునని ఆఫీసు అంచనా. ఆక్రమణదారు స్ట్రెచర్ మీద పడుకుని వాళ్ళని టిఫినైందా అని అడిగారు. లోవరాజు టేపు పట్టుకుని థియేటరు తలుపు దగ్గర నిలబడ్డాడు. ఉత్తర్వు నకలు అలవాటుగా గుత్తేదారుకి కూడా వెళ్ళినట్టుంది, పదింటికల్లా గేటు బయట జేసీబీ వచ్చి ఆగింది. ఎక్కడ తవ్వాలని డ్రైవరు వాచ్‌మన్‌ని అడుగుతుంటే నేనే వెళ్ళి, లోపల డాక్టరుగారు చేత్తోనే చేసేస్తున్నారు బాబూ, నువ్వెళ్ళు అని పంపించాను. చేత్తో చేస్తే ఆలస్యమవుతుందమ్మా అని అతను సలహా ఇచ్చి వెళ్ళాడు.

రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటలూ మా ఆయన బల్ల మీద కూర్చుని తన కుడి మోకాలు పట్టుకునే ఉన్నారు. నాకు మాత్రం నిండు మంచినీళ్ళ గ్లాసే కళ్ళముందు మెదిలింది. షరీఫ్‌గారు బయటికొచ్చి అంతా బాగా జరిగిందని నాతో చెప్పి, లోవరాజుకి వేరే సర్టిఫికెట్ ఇచ్చారు. ఇప్పుడా స్థలంలో ఉన్నది స్టీలు, ప్లాస్టిక్కు. చిప్పకి లోపలి వైపు తొడుగు వేయబడినది. తొడుగున్నదానిని ఎముకగా లెక్కించవలెనా లేదా అనేది రెవెన్యూ వారి విచక్షణ. రెవెన్యూ వారు విచక్షణ ఉపయోగించి లెక్కించలేదు. నూట ఇరవై అయిదు. పాసుపుస్తకం మీద ఎర్రసిరా కొట్టేసి పచ్చసిరాతో సంతకం పెట్టారు. అబ్బులు తన శాలువా కప్పుకుని రెండు కొబ్బరిబొండాలు తెచ్చి, ఇన్నాళ్ళూ ఒక్కణ్ణే అయిపోయానమ్మా, తోడు దొరికారు అని అత్తయ్యగారి చేతిలో పెట్టాడు.

నెల తిరిగేసరికి ఆవిడ వాకరు పట్టుకుని స్నానాల గదికి వెళ్ళి, లోపల గడియ పెట్టుకున్నారు. ఆ గడియ చప్పుడుకి నేను కూరగాయల కత్తిపీట దగ్గర ఏడ్చాను. ఉల్లిపాయలు తరుగుతున్నాను గనుక ఎవరికీ అనుమానం రాలేదు.

వీధిలో మాత్రం సంగతి పొక్కింది. ఇప్పుడు అయిదారుగురు అత్తగార్లు కోడళ్ళ వెంటపడి, నా మీద కూడా ఒక ఫిర్యాదు రాసిపెట్టవే తల్లీ అని బతిమాలుకుంటున్నారు. కోడళ్ళు ఆలోచించి చెబుతామంటున్నారు. నూకాలమ్మగారి కోడలైతే రాసేసింది, ఆవిడకి మోకాలి నొప్పి లేకపోయినా.

మొన్న ఆదివారం నేను పొయ్యి దగ్గర ఉంటే వెనకాల అడుగుల చప్పుడైంది. వాకరు కూడా లేదు. అత్తయ్యగారు మూడేళ్ళ తర్వాత మొదటిసారి నా వంటింటి గుమ్మం దాటి, గట్టు పట్టుకుని నిలబడి, డబ్బాలన్నీ ఓసారి కలయజూశారు. పులుసుగిన్నె మీద మూత తీసి, గరిటెతో రెండు చుక్కలు అరచేతిలో వేసుకుని రుచి చూశారు. మళ్ళీ చూశారు.

"మూడేళ్ళనుంచీ నేను తింటున్నది ఈ పులుసేనా అమ్మాయ్?"

"ఇదేనండి అత్తయ్యగారూ" అన్నాను. "పాపం, కదల్లేక."